ఏడో పేపరు జవాబులు

హలో… ఆఁ ఆఁ, నేనే, సత్యవేణినే… ఒక్క నిమిషం ఆగు బావా—

అత్తా, నేను మావనేటీ అనలేదు. నా పుస్తకం ఎవరు సింపారని అడిగాను, అంతే. ఆ మాత్రం అడగడం కూడా తప్పేనా?… గొంతు పెంచలేదు. నా గొంతే ఇంత.

హలో, ఉన్నావా?… గణపతిరావు గారి కొట్టుకి పొద్దున్నించి మూడు మాట్లు ఫోన్ సేసాను. పైడిరాజు ఇంకా రాలేదమ్మా, పలాస బస్సే రాలేదు అన్నారు… రాగానే ఇంటికి సెయ్యమన్నాను, సెప్పలేదేటి?… సెప్పారు. సెప్పినా టీ తాగి మరీ సేత్తన్నావు.

కంగారు పడకు, ఎవరికీ ఏటీ అవలేదు. మీ అమ్మ బాగుంది, మీ నాన్న బాగున్నాడు, నీ సెల్లెలు కుసుమ కాలేజీ ఎగ్గొట్టి ఇక్కడే కూకుని తమాషా సూత్తంది. నేనే బాగోలేను.

సూడు, నీ సంచిలో శాంపిల్ పొట్లాలున్నాయి కదా, మావ కట్టిచ్చినవి… అయిదూ… ఆఁ, అవే. గణపతిరావు గారికి సూపించీసావేటి?… ఇంకా లేదు. అమ్మయ్య. విప్పకు… కాదు, విప్పు. విప్పు గానీ కాగితాలు పారీకు.

…జీడిపప్పు గురించి కాదు బావా! పప్పు ఎవరిక్కావాలి? నాకు కాగితాలు కావాలి.

నవ్వకు. ఇక్కడ నాకు ఒళ్ళు మండిపోతంది.

అవి నా ఐసెట్ పుస్తకంలో కాగితాలు. ఎంబీఏ పరీక్షది, నీలం అట్ట, దాని మీద రెండువేల మూడు అని పెద్దగా ఉంటాది. నిరుడు విశాఖపట్నం నుంచి నువ్వే తెచ్చావు కదా… ఆఁ, అదే. దాని వెనకాల జవాబులుండే పేజీలు సింపీసి, ఒక్కో పేజీలో ఒక్కో రకం పప్పేసి, దారం సుట్టీసి నీ సంచిలో పెట్టీసాడు మీ నాన్న.

…ఎందుకంటే ఏటి సెప్పను. న్యూస్‌పేపరు కాగితంలో కడితే సిరా అంటుకుని తెల్ల పప్పు మసకబారిపోతాదంట. కొట్లో సూసినోళ్ళు పాత సరుకంటారంట. అచ్చు తక్కువున్న కాగితం కావాలంట. ఆ పేజీల్లో ఒక్క మాటైనా లేదమ్మా, వరసగా అంకెలూ పక్కన ఏ, బి, సి, డీ అనీ తప్ప, ఎవరో పిల్లలు రాసి పారీసిందనుకున్నాను అంటన్నాడు.

— మావా, నిన్ననడం లేదు. జరిగింది సెప్తన్నాను… తెలిసి సేసావని ఎవరన్నారు? కూకో, లెగకు.

…ఆఁ, ఇక్కడే ఉన్నాడు. అందరూ ఇక్కడే. ఈ ఫోన్ వంటింట్లో కాకండా సావిట్లో పెట్టించింది నువ్వే కదా, అందరికీ వినబడాలని. వింటన్నారు.

ఇప్పుడే ఎందుకంటే, ఇప్పుడే కావాలి. పొద్దున్న నాలుగింటికి లేచి ఏడో పేపరు రాసాను. గడియారం ఎదురుగా పెట్టుకుని, మంచినీళ్ళకి కూడా లెగకండా, రెండున్నర గంటలు. రెండొందల ప్రశ్నలు. రాసింది ఎంత ఒప్పో సూసుకుందామని వెనక్కి తిప్పితే ఆ పేజీయే లేదు.

…సాయంత్రం నువ్వొచ్చాకా? నువ్వు సాయంత్రం రావు బావా. అట్నుంచటే జలంత్రకోట ఎల్తానన్నావు. అక్కడ ఆ జీడితోటలోళ్ళతో కబుర్లలో పడితే రేపు మధ్యాహ్నానికి వత్తావు. ఈలోగా నా ఏడో పేపరు ఆ కొట్లో ఎవరి పకోడీల కింద ఉంటాదో.

కొత్త పుస్తకమా?… ఎక్కడ కొంటావు? పలాసలో లేదు. టెక్కలిలో కూడా అడిగించాను, అయిపోయాయన్నారు. పరీక్షకి ఇరవై ఆరు రోజులే ఉన్నాది.

…ఏటన్నావు?

మళ్ళీ అను.

"ఈయేడు కూడా రాత్తావేటి." నీకు తెలీదు పాపం. దరఖాస్తు పట్టుకెళ్ళి పోస్టులో ఏసింది నువ్వు కాదేటి?… ఆఁ, ఏదో ఏసాను అంటావు. నేను ఏదో రాత్తన్నాను, నువ్వు ఏదో ఏత్తన్నావు.

…నిరుడు ఇరవై ఎనిమిది వేల ర్యాంకు. తెలుసు. నువ్వు గుర్తు సెయ్యక్కర్లేదు, గుర్తు సెయ్యడానికి ఊరంతా ఉంది. మొన్న పప్పు ఒలవడానికొచ్చిన వరహాలమ్మ అడిగింది, "ఇరవై ఎనిమిది వేల మంది నీకన్నా ముందున్నారా తల్లీ, అంతమందీ ఏ ఊళ్ళో కూకుని రాసారు" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం సేత్తాను.

నేను సదివేది ఎందుకో నీకు తెలుసు బావా. పెళ్ళైన కొత్తలో సెప్పాను. పొట్లాలు పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరగడం, వాళ్ళు ఒక గింజ నోట్లో ఏసుకుని పెదవి విరిత్తే సంచి సర్దుకుని వచ్చీడం… ఇంకోలా అమ్మడం ఎలాగో నేర్చుకుందామనే కదా. అప్పుడు బాగుందన్నావు. ఇప్పుడు ఏటన్నా ఊఁ అంటావు.

— అత్తా, రేపటి సంగతి రేపు. బుట్ట తోమి పెట్టావు, సూసాను. కర్ర కడిగి పసుపు రాసావు, అదీ సూసాను. పది నిమిషాలు నన్ను మాట్లాడనియ్యి.

…ఇంకెవరు, మీ అమ్మే. రేపు శుక్రవారం కదా, కొత్త జీడిపిక్క కొట్టడం మొదలు. మొదటి బుట్ట ఈ ఇంటి కోడలే కొట్టాలి… తెలుసు, ఆనవాయితీ. నాకు సెప్తావేటి? మూడేళ్ళ నుంచి కొడతన్నది నేనే కదా.

సరే, అదంతా తర్వాత. ఇప్పుడు నేను సెప్పినట్టు సెయ్యి. ఒక్కో పొట్లం విప్పి, పేజీ పైన ఏ నంబరుందో సూడు. మోడల్ పేపర్ ఏడు అని ఉండాలి… పప్పు ఎక్కడ పొయ్యాలంటే? కొట్లో తక్కెడ పళ్ళెం లేదేటి? అందులో పొయ్యి… కలిసిపోతే కలిసిపోనీ. నిండు గుండేదో విరిగిన బద్దేదో ఏరుకోడం గణపతిరావు గారికి సేతకాదేటి—

…అయ్యో. వినబడిందా?… నమస్కారం అన్నానని సెప్పు. కోపంగా అనలేదని కూడా సెప్పు.

ఊఁ… మూడు. అది కాదు. మడిచి జేబులో పెట్టుకో… పదకొండు. అదీ కాదు. జేబులో పెట్టుకో… లేదు, పారీకు, అవన్నీ కావాలి నాకు… నూక పొట్లం సూడు… తొమ్మిది. బావా, సరిగ్గా సూత్తన్నావా?… బద్దల పొట్లం?…

ఏడు! అదే, అదే. నలపకు.

…పప్పు నూనె మరకైతే పరవాలేదు. అక్షరాలు కనబడతన్నాయా?… సాలు.

కుసుమా, ఇలా రా. ఇంతసేపూ నవ్వావు కదా, ఇప్పుడు పని సెయ్యి. నేను పొద్దున్న రాసిన కాగితం పట్టుకో. నేను పైకి అంటాను, నువ్వు సూసి, ఒప్పైతే టిక్కు, తప్పైతే ఇంటూ పెట్టు. నీ అంతట నువ్వు దిద్దకు. తప్పు తప్పే.

బావా, రెండొందలూ వద్దు. మొదటి డెబ్బై అయిదూ సదువు. ముందు పక్క యాభై ఉంటాయి, అవి అయ్యాక వెనక్కి తిప్పు. మిగతావి నువ్వొచ్చాక నేనే సూసుకుంటాను. ఊఁ, సెప్పు.

ఒకటి?… బి. కుసుమా, బి… రెండు?… డి… మూడు?… ఏ… నాలుగు?… మెల్లిగా బావా. వేలం పాట కాదు.

…బి అన్నావా, డి అన్నావా? లైను గరగరమంటంది. బి అంటే బద్ద అను, డి అంటే డబ్బా అను… ఆఁ, బద్ద. అయిదు?… డబ్బా…

…అక్కడోళ్ళు నవ్వితే నవ్వనీ. సదువు.

తొమ్మిది?… సి… తప్పా? సరిగ్గా సూడు కుసుమా… తప్పే. ఇంటూ పెట్టు. పది?… అత్తా, నువ్వు తప్పొచ్చినప్పుడల్లా అయ్యో అనకు, నంబరు పోతంది.

…ఇరవై రెండు?… ఆఁ… ఇరవై మూడు?… బద్ద… ఇరవై నాలుగు?…

లేదు మావా, అది ఒప్పే. టిక్కు ఉంటే ఒప్పు… ఇప్పటికి ఆరు తప్పులు. ఆరు పోతే మిగతావన్నీ నావే. అవును, మంచిదే. నువ్వలా మెడ సాపి సూడక్కర్లేదు, కుర్చీ దగ్గరకి జరుపుకో.

ముప్ఫై ఎనిమిది?… ఏటి, ఎవరో అరుత్తన్నారు అక్కడ?… ఇంకొకళ్ళు ఫోన్ సేసుకోవాలా? రెండు నిమిషాలని సెప్పు. అలగే ఆ బద్దలు రెండు నోట్లో ఏసుకోమను ఈలోగా.

…నలభై తొమ్మిది, సి… యాభై, ఏ. అబ్బ. సరే, వెనక్కి తిప్పు.

యాభై ఒకటి?…

బావా?

హలో… లైను పోయిందేటి. హలో…

ఆఁ, ఉన్నావా? యాభై ఒకటి సెప్పు.

…పెన్సిలు రాతా? ఏ పెన్సిలు రాత?

…

అది సదవకు. అది నీకు రాసింది కాదు. పైన సూడు, యాభై ఒకటి ఎక్కడుందో.

…పైకి సదవకు బావా, కొట్లో జనం ఉన్నారు.

…ఆఁ. నా రాతే.

నిరుడు. పరీక్ష రాసొచ్చిన రోజు, శ్రీకాకుళం నుంచి బస్సులో వత్తా రాసుకున్నాను. ఆ పేజీ మీదే రాసానని మర్చేపోయాను. గుర్తుంటే నిన్ను వెనక్కి తిప్పమంటానేటి?

…"నూట పంతొమ్మిది నుంచి వదిలీసాను. వేళ్ళు." అంతే రాసాను. ఇంకా రాద్దామంటే పెన్సిలు పట్టలేకపోయాను.

…వేళ్ళంటే వేళ్ళే బావా. నా కుడి సేతి వేళ్ళు.

నీకు గుర్తు లేదు కదా. పరీక్ష ఆదివారం. శనివారం సాయంత్రం ఒరిస్సా లారీ వచ్చి నిలబడింది, సరుకు ఒక్క బుట్ట తక్కువైంది, పనోళ్ళు ఎల్లిపోయారు. "ఒక్క బుట్టే కదా సత్యవేణీ, కొట్టీ" అన్నావు… ఆఁ, నువ్వే. నేను కొట్టాను. బూడిద రాసుకోకండా కొట్టాను.

…తెలుసు, బూడిద రాసుకుంటేనే పిక్కలో జీడి సేతికంటి కాల్చదు. నాకు తెలీదేటి?

ఎందుకు రాసుకోలేదంటే… నవ్వకూడదు మరి.

బూడిద పూసుకుంటే గోళ్ళ సందుల్లో నల్లగా ఉండిపోతాది కదా. ఎంత తోమినా రెండ్రోజులు పోదు. పరీక్ష హాల్లో పక్కనున్న పిల్లలందరూ శుభ్రమైన సేతులతో కూకుంటారు, నేనొక్కదాన్నే ఆ గోళ్ళతో పెన్సిలు పట్టుకోడం నామోషీ అనిపించింది. ఒక్క బుట్టే కదా అని నేనూ అనుకున్నాను. పిక్క పగిలినప్పుడల్లా జీడి సిమ్మింది. కొబ్బరినూనె రాసుకుని పడుకున్నాను. తెల్లారేసరికి బొటనవేలూ, పక్క వేలూ పొక్కిపోయి ఉన్నాయి.

…నీకు కనబడలేదు. నేనే కొంగులో దాసుకుని బస్సెక్కాను.

సగం దాకా బాగానే రాసాను బావా. పెన్సిలు నొక్కి నొక్కి పొక్కు సితికిపోయింది. కాగితం మీద తడి. గుండ్రాలు దిద్దుతుంటే మరక. మిషను దిద్దే కాగితం అది, మరక పడితే దాన్నీ జవాబే అనుకుంటాది. రబ్బరు పెట్టి తుడిత్తే సిరిగింది. ఇంకోటి ఇమ్మంటే ఇవ్వరమ్మా అన్నారు. రుమాలు సుట్టుకున్నాను, ఎడం సేత్తో దిద్దాను, అడ్డదిడ్డంగా పోయింది. నూట పంతొమ్మిది దగ్గర ఇంక సెయ్యి పైకి లెగలేదు.

వదిలీసిన వాటిల్లో సగానికి సగం నాకు తెలుసు. తెలిసీ ప్రశ్నలు సదువుకుంటా కూకున్నాను, గంట కొట్టేదాకా.

…అప్పుడెందుకు సెప్పలేదంటే, ఏటని సెప్పను? బూడిద రాసుకోలేదేటి అంటారు. నిజమే కదా, రాసుకోలేదు. టైము సరిపోలేదన్నాను. ఎవరూ ఇంకో ప్రశ్న అడగలేదు. నువ్వూ అడగలేదు.

…

ఊఁ. సర్లే.

సర్లే అన్నాను కదా. తప్పైపోయిందని మళ్ళీ అనకు, అక్కడందరూ సూత్తంటారు.

— ఏటత్తా?… విన్నావు కదా, మళ్ళీ అడుగుతావేటి. ఆ శనివారం నువ్వు ఇంట్లో లేవు, మందస ఎల్లావు. నీ తప్పని నేనన్నానా?… మావా, నువ్వు నా సేతులు సూడక్కర్లేదు. ఎప్పుడో మానిపోయాయి.

లేదు బావా. "రేపటి బుట్ట సంగతి అమ్మకి నేను సెప్తాను" అనకు. నువ్వు రేపు మధ్యాహ్నం వచ్చి, అన్నం తిని, ఆవిడ మొహం సూసి, అప్పుడు సెప్తావు. రేపు పొద్దున్న తొమ్మిదికల్లా బుట్ట ముందర పెడతారు. నాది నేనే సెప్పుకుంటాను. ముందు ఆ పాతికా సదువు.

యాభై ఒకటి?… డబ్బా… యాభై రెండు?… సి…

గట్టిగా సదువు. ఇందాకా బాగానే అరిసావు కదా.

…అరవై ఆరు, ఏ… అరవై ఏడు?… ఇంటూ పెట్టు కుసుమా, ఆలోచించకు…

…డెబ్బై అయిదు. బద్ద. అంతే, అయిపోయింది. కుసుమా, టిక్కులు లెక్కెట్టు… మళ్ళీ లెక్కెట్టు.

…యాభై నాలుగు.

యాభై నాలుగు బావా, డెబ్బై అయిదుకి… నిరుడు ఏ పేపరు రాసినా నలభై దాటలేదు. నీకు సెప్పాను కదా అప్పుడు, నువ్వు పడుకుని ఊఁ అన్నావు.

ఏటి మావా?… యాభై నాలుగంటే, అలగే మిగతావీ రాయగలిగితే టెక్కలిలో సీటొత్తాది. పొద్దున్న బస్సెక్కి సాయంత్రానికి ఇంటికొచ్చీడమే. సెయ్యి సరిగ్గా ఉంటే రాయగలను.

…లేదు, కోపం పోలేదు. కాసేపటికి పోతాదేమో.

ఉండు, పెట్టీకు. ఫోన్ బల్ల మీద పెడతన్నాను. నువ్వూ విను. గణపతిరావు గారు విన్నా పరవాలేదు.

అత్తా, ఇలా కూకో. మావా, నువ్వూ. కుసుమా, ఆ కాగితం పక్కన పెట్టు.

రేపు మొదటి బుట్ట నేను కొట్టను.

…అరవడం లేదత్తా. మెల్లిగానే సెప్తన్నాను. రేపే కాదు, పరీక్ష అయ్యేదాకా పిక్క మీద నా సెయ్యి పడదు. ఒక్క బుట్టైనా కొట్టను, ఏ లారీ వచ్చి నిలబడినా కొట్టను. వంట సేత్తాను. ఒలిసిన పప్పు ఏరుతాను. మావా, శాంపిల్ పొట్లాలు ఇకనుంచి నేనే కడతాను, తెల్ల కాగితాలు నేనే సూసి ఇత్తాను. పరీక్ష రాసొచ్చిన మర్నాడు పిలు, రెండు బుట్టలు ముందర పెట్టు. బూడిద మోచేతుల దాకా పూసుకుని కొడతాను.

…

కోడలే కొట్టాలి, నిజమే. ఆనవాయితీ తప్పమని నేనంటం లేదు. నువ్వూ ఈ ఇంటి కోడలివే కదత్తా.

…

బావా, విన్నావా?… ఊఁ. ఆ అయిదు కాగితాలూ సొక్కా జేబులో పెట్టుకుని రా. సంచిలో కాదు, జేబులో.

ఉంటాను.